ఆకుపచ్చ జెర్సీ కుర్రాడు

మోటారు బళ్లు, ఆటోలు ఎన్ని పెరిగినా కాశీబుగ్గలో సైకిల్ బెల్లు ఇంకా వినిపిస్తూనే ఉంటుంది. జీడిపప్పు బట్టీలకు పనికెళ్లేవారు, బడికెళ్లే పిల్లలు... సైకిలంటే మనకు అవసరం. మరి అదే సైకిల్ బతుకుదెరువైతే? కీర్తి తెచ్చిపెడితే?

ఎరిత్రియాలో అదే జరిగింది. ఆఫ్రికాలో ఎర్రసముద్రం ఒడ్డునున్న చిన్న దేశమది. ఒకప్పుడు ఇటలీ వలస రాజ్యం. సైకిల్ పందేల సరదా అంటించింది ఆ దొరలే. 1946లోనే అక్కడ దేశం చుట్టే పందెం జరిగింది. రాజధాని అస్మారా సముద్రమట్టానికి రెండు వేల మీటర్లకు పైనే ఉంటుంది. ఆ పలుచటి గాలిలో తొక్కితొక్కి ఊపిరితిత్తులు రాటుదేలతాయి.

బినియం గిర్మయ్ 2000లో పుట్టింది అక్కడే. స్విట్జర్లాండ్‌లోని ఏగిల్‌లో ప్రపంచ సైక్లింగ్ సమాఖ్య శిక్షణ కేంద్రం ఉంది. అక్కడ మెరుగులు దిద్దుకుని ప్రొఫెషనల్ జట్టులో చేరాడు. 2022 మార్చిలో బెల్జియంలోని గెంట్-వెవెల్గెమ్ పందెం నెగ్గాడు. మే నెలలో ఇటలీ టూర్‌లో ఒక అంచె గెలిచాడు. అయితే, విజయ వేదిక మీద సీసా మూత తీస్తుంటే అది ఎగిరొచ్చి కంటికి తగిలింది. ఆస్పత్రికెళ్లాడు. మర్నాడు పందెంలో లేడు!

ఇంకొకరైతే దిగులుపడిపోయేవారే. గిర్మయ్ మళ్లీ సైకిలెక్కాడు. 2024 టూర్ డి ఫ్రాన్స్‌లో మూడు అంచెలు గెలిచాడు. ఆ టూర్‌లో అంచె గెలిచిన తొలి నల్లజాతి ఆఫ్రికన్ అతనే. ముగింపు గీతల దగ్గర ఎక్కువ పాయింట్లు కొట్టినవారికిచ్చే ఆకుపచ్చ జెర్సీ కూడా అతనిదే. చివరి వారంలో కిందపడి దెబ్బలు తగిలినా దాన్ని వదల్లేదు.

ఇదంతా ఒక్కడి గొప్పే కాదు. 2015లో అదే దేశం నుంచి డానియెల్ తెక్లెహైమనోత్ ఆ టూర్‌లో కొండలెక్కే వీరుడి చుక్కల జెర్సీ తొడిగాడు. ముందు నడిచినవాడుంటే వెనక వచ్చేవాడికి దారి తెలుస్తుంది.

ఆ మాట మన జిల్లాకు కొత్త కాదు. ఆమదాలవలస పక్కనున్న ఊసవానిపేట నుంచి బయల్దేరిన కరణం మల్లేశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో కాంస్యం తేలేదూ! ఆ తర్వాత ఇక్కడ ఎందరో ఆడపిల్లలు బరువులెత్తారు. సైకిల్‌కూ అలాంటి తొలి అడుగే కావాలి. రేపు మీ పిల్లాడు ఉద్దానం రోడ్డు మీద పక్కవాడితో పందెం కాస్తే వెంటనే కసురుకోకండి. బళ్ల రద్దీ లేనిచోట తొక్కమనండి. తలకు హెల్మెట్ పెట్టండి. ఆపైన... ఎంతదూరం వెళ్తాడో చూద్దాం!