అంజి మళ్ళీ ఇంటికొచ్చాడు, మరి మిగతావాళ్ళు?

2020లో ఉగాది, దేశవ్యాప్త లాక్‌డౌన్ ఒకే రోజున వచ్చిపడ్డాయి, మార్చి 25న. జీ5లో ‘అమృతం ద్వితీయం’ మొదలైందీ ఆ రోజే. పన్నెండేళ్ళ కిందట ముగిసిన ‘అమృతం’ సీరియల్‌కు అది కొనసాగింపు. హర్షవర్ధన్, శివన్నారాయణ, వాసు ఇంటూరి పాత వేషాల్లోనే కనిపించారు. గుండు హనుమంతరావు 2018లో కన్నుమూయడంతో అంజి పాత్ర ఎల్బీ శ్రీరామ్‌కు వెళ్ళింది. కొత్తది ఎలా ఉందన్న చర్చ ఎలా ఉన్నా, దాన్ని చూసినవాళ్ళలో చాలామంది అట్నుంచి అటే యూట్యూబుకు వెళ్ళి అసలు అమృతాన్ని మొదటి ఎపిసోడ్ నుంచి అందుకున్నారు. మరో మూడు రోజులకు దూరదర్శన్ రామానంద్ సాగర్ ‘రామాయణ్’ని మళ్ళీ వేసింది. ఏప్రిల్ 16న ఒక్కరోజే 7.7 కోట్ల మంది చూశారనీ, ఇది ప్రపంచ రికార్డనీ చెప్పుకుంది. 1983లో అమెరికాలో ‘మ్యాష్’ ఆఖరి ఎపిసోడ్‌ను పది కోట్ల మందికి పైగా చూశారని గుర్తున్నవాళ్ళు అదెలా రికార్డవుతుందని నిలదీశారు. అది వేరే కథ.

లాక్‌డౌన్ పోయింది, పాత సీరియళ్ళు చూసే అలవాటు మాత్రం ఉండిపోయింది. దీన్ని ఖాళీ మనుషుల పాతజ్ఞాపకాల మోజుగా కొట్టిపారేసేవాళ్ళు, అమృతం ఆగిపోయాక పుట్టిన పిల్లలు అందులోని అప్పాజీని అనుకరిస్తుంటే ఏం చెబుతారో. ఆ పిల్లలకు గుర్తు తెచ్చుకోవడానికి ఏమీ లేదు. వాళ్ళకది కొత్త సీరియలే.

గుణ్ణం గంగరాజు ‘అమృతం’ 2001 నవంబరు 18న జెమినీ టీవీలో మొదలై, సరిగ్గా ఆరేళ్ళకు అదే తేదీన ముగిసింది. 313 ఎపిసోడ్లు. కథంటూ పెద్దగా లేదు. పక్కపక్క వాటాల్లో ఉండే అమృతం, అంజి అనే ఇద్దరు స్నేహితులు, వాళ్ళు నడిపే హోటలు అమృత విలాస్, అందులో ఉన్న ఒక్కగానొక్క సర్వరు సర్వం. ఇంటి ఓనరు అప్పాజీకేమో అంబుజా విలాస్ అని పోటీ హోటలు. అంటే సాయంత్రం అద్దె అడగడానికి వచ్చేవాడే పొద్దున గిరాకీ లాక్కునేవాడు. ఈ ఒక్క ముడి చాలు, ఆరేళ్ళు నవ్వించడానికి. విషం కలిపే అత్తలు లేరు, పగబట్టిన తోడికోడళ్ళు లేరు. ఉన్నదల్లా చేతిలో డబ్బు ఆడని మధ్యతరగతి, దాన్నుంచి గట్టెక్కడానికి వేసే తింగరి పథకాలు. అద్దె కట్టే వాళ్ళున్నంత కాలం ఈ హాస్యం పాతబడేది కాదు.

ఇప్పుడు వరసగా చూసేవారికి అప్పట్లో అంతగా తట్టనివి తడతాయి. అమృతం వేషాన్ని శివాజీరాజా, నరేశ్, హర్షవర్ధన్ ఒకరి తర్వాత ఒకరు వేశారు. అమృతం భార్య సంజీవిని పాత్రలోనూ నటీమణులు మారారు. ఆదివారం ఆదివారం చూసినవారు ఆరేళ్ళలో మెల్లగా అలవాటుపడిన ఈ మార్పులు, పండగ సెలవుల్లో వంద ఎపిసోడ్లు చూసేవారి మీద అకస్మాత్తుగా వచ్చిపడతాయి. అమృతం ముఖం ఉన్నట్టుండి మారిందేమిటని ఇంట్లో పెద్దల్ని అడుగుతారు. గుండు హనుమంతరావు అంజి మాత్రం కదలడు. సీరియల్ ఎవరి భుజాల మీద నడిచిందో ఇలా చూస్తే తెలుస్తుంది.

గాయకుడు ఎస్పీ బాలు పోయాక ‘పాడుతా తీయగా’ పాత ఎపిసోడ్లు చూసే తీరు కూడా మారింది. 1996లో ఈటీవీలో మొదలైనప్పుడు అది పాటల పోటీ. ఇప్పుడు ఎవరు గెలిచారో ఎవరికీ పట్టదు. పాటకూ పాటకూ మధ్య ఆయన చెప్పే కబుర్ల కోసం చూస్తున్నారు. ఆ పాట రికార్డింగులో ఏం జరిగింది, ఆ గమకం ఎందుకలా పడింది, పిల్లవాడు ‘ళ’ని ‘ల’గా పలికితే నొప్పించకుండా ఎలా దిద్దాలి. నాలుగైదు దశాబ్దాల తెలుగు సినిమా సంగీత చరిత్ర ఆ కబుర్లలో చెదురుమదురుగా పడి ఉంది.

పాతదంతా బంగారమని దీని అర్థం కాదు. ‘మొగలిరేకులు’ సీరియల్ 1368 ఎపిసోడ్లు. దాని హీరో ఆర్కే నాయుడు మీద ఎంత అభిమానం ఉన్నా, వేగం పెంచుకునే సౌకర్యం లేకపోతే ఈ కాలంలో ఎవరూ తుదికంటా చూడరు. ఆనాటి కామెడీల్లో లావు మీద, రంగు మీద వేసిన జోకులకు ఇప్పుడు నవ్వు రాదు. రాకపోవడమే మంచిది.

వచ్చిన చిక్కల్లా ఇవి మనదాకా ఎలా చేరుతున్నాయన్న దగ్గరే. నలుపలకల టీవీ కోసం తీసిన దృశ్యాన్ని వెడల్పు తెరకు సరిపెట్టాలని సాగదీస్తారు, ముఖాలు అప్పడాల్లా పరుచుకుంటాయి. లేదంటే పైనా కిందా కోసేస్తారు. 2019లో డిస్నీ ప్లస్ ‘సింప్సన్స్’కు ఇలాగే కత్తెర వేసింది. మూడు రకాల బీర్లూ పైనున్న ఒకే గొట్టంలోంచి దిగుతున్నాయన్నది అందులో ఒక జోకు. కోతలో ఆ గొట్టమే పోయింది. జనం గోల పెడితే 2020 మేలో అసలు కొలతల్లో మళ్ళీ పెట్టారు. మన దగ్గర ఆ గోల పెట్టేవాళ్ళు లేరు. టైటిల్స్ ఎగరగొట్టి, ‘నాన్‌స్టాప్ కామెడీ’ పేరుతో ముక్కలు అతికించి ఎవరెవరో పెడుతుంటారు. రాసిందెవరో, తీసిందెవరో, ఏ ఏడాదిదో ఉండదు. ‘ఋతురాగాలు’ సీరియల్ పాట మొదలైతే వంటింట్లో పొయ్యి తగ్గించి వచ్చి కూర్చున్న తరానికి టైటిల్ పాటంటే గంట కొట్టడమే. అది లేని ఎపిసోడు వాళ్ళకు సగమే.

అమృతమైనా దొరికిందంటే దాని నిర్మాతలు భద్రంగా దాచుకున్నారు గనుక. ఆ అదృష్టం అన్నిటికీ లేదు. టేపు ఖరీదైన రోజుల్లో పాతది చెరిపి దానిమీదే కొత్తది రికార్డు చేయడం ప్రపంచంలో చాలా టీవీ సంస్థలు చేసిన పనే. బీబీసీ అంతటిది 1960ల నాటి ‘డాక్టర్ హూ’ ఎపిసోడ్లను పదుల సంఖ్యలో పోగొట్టుకుంది. ఇంట్లో టీవీ ముందు టేప్ రికార్డర్ పెట్టుకున్న అభిమానుల పుణ్యమా అని వాటి శబ్దం మాత్రం మిగిలింది.

ఇక మన దగ్గరికొస్తే, హైదరాబాద్ దూరదర్శన్ 1977లో మొదలైంది. తెలుగులో తొలి టీవీ న్యూస్ రీడర్ శాంతి స్వరూప్ 1983 నవంబరు 14 నుంచి వార్తలు చదివారు. మొదట్లో టెలిప్రాంప్టర్ లేక బులెటిన్లు కంఠతా పట్టి చెప్పేవారు. ఆయన 2024 ఏప్రిల్‌లో కన్నుమూశారు. ఆ ఏడాది నవంబరులోనే ప్రసార భారతి ‘వేవ్స్’ పేరుతో సొంత ఓటీటీ తెచ్చి పాత హిందీ సీరియళ్ళను గర్వంగా ముందు పెట్టుకుంది. తెలుగు నాటకాలకూ, ఇంటర్వ్యూలకూ, వార్తలకూ అందులో అంతే మర్యాద దక్కాలి. రాష్ట్రం విడిపోయి యాదగిరి, సప్తగిరి అని దూరదర్శన్ ఛానళ్ళు రెండైనా 2014కు ముందు తీసినదంతా ఇద్దరి సొత్తు. ఏది ఎవరిదన్న పంచాయితీ పెట్టుకోకుండా రెండు కేంద్రాలూ కూర్చుని, ఏ టేపులు మిగిలాయి, ఏవి పోయాయి అన్న జాబితాను తేదీలతో, కళాకారుల పేర్లతో ముందు బయటపెట్టాలి. వీడియోలు ఎక్కించడానికి డబ్బూ సమయమూ కావాలి. జాబితాకు ఓ నలుగురు ఉద్యోగులు, ఒక బీరువా తాళం చాలు.