ప్రవాహాల పరిశోధన: మన పిల్లలకు తెరచి ఉన్న దారి

మెకానికల్ ఇంజినీరింగు ముగించిన పిల్లలు పి.హెచ్‌డి. చేస్తామనగానే ఇంట్లో పెద్దలకు కలిగే మొదటి దిగులు ఖర్చు గురించే. విదేశాల్లో ఎం.ఎస్. కోసం వడ్డీ రుణం తీసుకోవడానికి మనసొప్పక చదువే మాన్పించిన కుటుంబాలను మేమెరుగుదుము. కాని డాక్టరేటు సంగతి వేరు. మంచి సంస్థలో చేరిన పరిశోధకుడు ఫీజు కట్టే విద్యార్థి కంటే జీతం తీసుకునే ఉద్యోగికే దగ్గర. మన దేశంలో 2023 జనవరి నుండి జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ నెలకు 37,000 రూపాయలు. రెండేళ్ల పని తృప్తికరంగా ఉంటే ఆపై 42,000. మైనారిటీ విద్యార్థులకు ఉద్దేశించిన మౌలానా ఆజాద్ జాతీయ ఫెలోషిప్‌ను కేంద్రం 2022-23 నుండి నిలిపివేసింది. అది బాధాకరమే. అయినా దానికోసం ఎదురుచూస్తూ ఏళ్లు పోగొట్టుకోవడం కంటే గేట్ పరీక్షకు కూర్చోవడం మేలు. ఆ స్కోరు మూడేళ్లు చెల్లుతుంది.

మెకానికల్ శాఖలో ఫ్లూయిడ్ మెకానిక్స్‌ను మేము ప్రత్యేకించి ప్రస్తావించడానికి కారణముంది. గోదావరి వరద, బంగాళాఖాతపు తుపాను, విమానపు రెక్క మీది గాలి, పూడుకుపోతున్న ధమనిలోని రక్తం, వీటన్నిటి వెనుక ఉన్నవి ఒకే సమీకరణాలు. వాటి గణిత చిక్కుముడిని విప్పినవారికి క్లే గణిత సంస్థ 2000లో పది లక్షల డాలర్ల బహుమతి ప్రకటించింది. నేటికీ ఎవరూ అందుకోలేదు. పరిశోధించవలసినది అంతగా మిగిలి ఉంది. లెక్కలు బాగా వచ్చి, ప్రోగ్రామింగు చేయగలిగితే చాలు, ఉచితంగా దొరికే ఓపెన్‌ఫోమ్‌తో ఇంటి కంప్యూటరు మీదనే సాధన మొదలుపెట్టవచ్చు.

హైదరాబాద్, తిరుపతి, మద్రాస్ ఐ.ఐ.టి.లు, వరంగల్ ఎన్.ఐ.టి., బెంగళూరు ఐ.ఐ.ఎస్‌సి. మనకు అందుబాటులో ఉన్నవే. ఆడపిల్లకు ఈ శాస్త్రమెందుకని సందేహించే తల్లిదండ్రులకు ఒక మాట. ఇదే రంగంలో 2007లో భట్నాగర్ పురస్కారం పొందిన ప్రొఫెసర్ రమా గోవిందరాజన్ హైదరాబాదులోని టి.ఐ.ఎఫ్.ఆర్. కేంద్రంలోనూ పనిచేశారు.

విదేశాలకు వెళ్లదలచినవారు సౌదీ అరేబియాలోని కౌస్ట్‌ను తప్పక చూడాలి. జిద్దాకు ఉత్తరాన, ఎర్రసముద్రం ఒడ్డున 2009లో ప్రారంభమైన ఈ విశ్వవిద్యాలయం చేర్చుకున్న పరిశోధకులకు ఫీజు లేకుండా భృతి, నివాసం, వైద్యం సమకూరుస్తుంది. ఇంధన దహనం మీద అక్కడ పెద్ద పరిశోధన కేంద్రమే ఉంది. జర్మనీలో చాలామంది డాక్టరేటు పరిశోధకులు జీతపు ఒప్పందం మీదే పనిచేస్తారు.

పి.హెచ్‌డి. తర్వాతి పోస్ట్‌డాక్ చదువు కాదు, గడువున్న కొలువు. దానికి యూరప్‌లో మేరీ క్యూరీ ఫెలోషిప్ ఏ దేశస్థులకైనా తెరిచే ఉంటుంది; డాక్టరేటు వచ్చి ఎనిమిదేళ్లు మించకూడదన్నది నియమం. ఆచార్యులకు రాసేటప్పుడు ఒకే ఉత్తరాన్ని వందమందికి పంపితే జవాబు రాదు. వారి పత్రాలు రెండైనా చదివి, అందులో మీకు తోచిన ప్రశ్నను రాయండి. సీటు ఇప్పిస్తామని డబ్బు అడిగే ఏజెంట్లను మాత్రం గడప తొక్కనీయవద్దు. పరిశోధన సీటు ఏజెంటు చేతిలో ఉండదు.