సోల ఎక్కడికి పోయినది?

శరీరము బరువెక్కి ఆయాసపడువారితో "కొలిచి వండుము, లెక్కించి తినుము" అని చెప్పినప్పుడు మన పల్లెలలో వినబడు జవాబు ఒక్కటే: "అయ్యగారూ, అవి పట్టణమువారి వేడుకలు. కాయకష్టము చేయువారికి అన్నము కొలుచుట యేమిటి?" ఈ జవాబు వినుటకు ఇంపుగానే యున్నది. అయితే అది సత్యము కాదని మీ యింటి పాత గాదెయే సాక్ష్యమిచ్చును.

మీ నాయనమ్మ ఎసటిలో బియ్యము పోయకముందు ఏమి చేసెడిది? గిద్దె, సోల, తవ్వ, మానిక అను కొలతలు మీ యింటివే గదా! నాలుగు గిద్దెలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ. ఇంతమందికి ఇన్ని సోలలు అని యెంచుకొనిన తరువాతనే ఆమె పొయ్యి రాజేసెడిది. కొరత వలన కొలిచినదందురా? నిజమే. 1983లో కిలో రెండు రూపాయల బియ్యము వచ్చినది. ఆకలి యెరిగిన యిండ్లలో పొయ్యి వెలిగినది. అది గొప్ప మేలు. కాని కొరతతోపాటు కొలతను కూడ బయటికి పంపివేసితిమి. సోల మూలపడినది. ఇప్పుడు ఎంత వండితిమో మనకే తెలియదు. గిన్నె ఖాళీయగువరకు తినుటయే మన కొలత.

కష్టజీవికి లెక్క యెందుకందురా? లెక్కయే చూతము. ఆహారము వలన శరీరమునకు కలుగు శక్తిని కాలరీలలో కొలుతురు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ప్రకటించిన ప్రకారము, 65 కిలోల పురుషుడు కఠిన శ్రమ చేసినచో దినమునకు 3,470 కాలరీలు కావలెను. కూర్చుండి చేయు పనియైనచో 2,110 చాలును. 55 కిలోల స్త్రీకి కఠిన శ్రమయందు 2,720, కూర్చుండు పనియందు 1,660. పురుషుని లెక్కలో తేడా 1,360. నూరు గ్రాముల బియ్యములో సుమారు 350 కాలరీలుండును గనుక, ఆ తేడా దాదాపు 390 గ్రాముల బియ్యముతో సమానము.

ఇప్పుడు నిజము చెప్పుడి. అరక దున్నిన చేయి నేడు ట్రాక్టరుకు కూలి యిచ్చి గట్టున నిలిచియున్నది. మిరప బస్తాల బండి తోలుకొని ఖమ్మము పోయినవారు నేడు బస్తాలను ఆటోలో పంపి, మోటారు సైకిలుపై వెనుక వెళ్లుచున్నారు. అడవిదారిని భద్రాచలము నడిచినవారు బస్సెక్కుచున్నారు. పని మారినది గాని కంచము మారలేదు. మిగిలిన ఆ 390 గ్రాములు ఎక్కడికి పోవును? మీ నడుమునకే పోవును. అక్కడనుండి మోకాళ్లకు, రక్తపోటునకు, చక్కెర వ్యాధికి పోవును. పుండు మానక పాదము తీసివేయబడిన కూలివానిని మీరు చూడలేదా? కూలివానికి కాళ్లే గదా ఆస్తి!

ఇక అడ్డదారులు వెదకువారితో ఒక మాట. 2018 ప్రాంతమున అన్నము మాని కొబ్బరినూనె త్రాగు పద్ధతి తెలుగునాట ఊరూర వ్యాపించెను. 70 గ్రాముల నూనెలో 630 కాలరీలున్నవి. బరువు తగ్గినవారు నూనె మహిమచేత తగ్గిరా? అన్నము, చక్కెర, చిరుతిండి ఒక్కసారిగా ఆగిపోయినందున తగ్గిరి. ఆ కొన్ని వారములు గడచి, కొలతలేని గిన్నె యొద్దకు తిరిగివచ్చినవారికి బరువు రాక యేమగును? మరికొందరు "జొన్నరొట్టెకు కొలత లేదు" అందురు. జొన్నలలోను బియ్యమునకు దగ్గరగానే కాలరీలున్నవి. జొన్న మంచిదే, పీచు కలది, త్వరగా కడుపు నింపును. అయినను ఆరు రొట్టెలు ఆరు రొట్టెలే.

మన సంఘములలో వేరొక అడ్డదారి కలదు. శ్రమల కాలములో పగలెల్ల ఉపవాసముండి, రాత్రి రెండింతలు తిని, ఈస్టరు నాడు బిర్యానీతో బాకీ తీర్చుకొనుట! ఉపవాసము ప్రార్థన నిమిత్తము చేయుడి. దానిని బరువు తగ్గు ఉపాయముగా వాడుకొనినచో ప్రార్థనయు నిలువదు, బరువును తగ్గదు. చక్కెర వ్యాధికి మందు వాడువారు వైద్యుని అడుగక పూట మానుట అపాయము.

వడ్డించు తల్లులారా, మీతోను నాకు వాదము కలదు. ప్రేమవిందులో "ఇంకొక్క గరిటె" అని మూడుసార్లు బలవంతపెట్టుట మనకు మర్యాద. వద్దన్నవాడు అలిగినాడనుకొందురు. చాలునన్నవానిని నమ్ముడి. అతడు ఎన్ని దినములు పోరాడి ఆ ఒక్క మాట నేర్చుకొనెనో మీకు తెలియదు.

అయితే ఈ మాట అందరికి కాదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, తెలంగాణలో 15 నుండి 49 ఏండ్ల స్త్రీలలో నూటికి 30 మంది అధిక బరువుతో ఉండగా, సుమారు 19 మంది ఉండవలసినంత బరువైన లేకయుండిరి. ఒకే వీధిలో ఈ ఇద్దరును ఉన్నారు. బక్కచిక్కిన కోయ బిడ్డకు, గర్భిణికి, పాలిచ్చు తల్లికి, ఎండలో మిరపకాయలు కోయు కూలికి కంచము తగ్గించుడని నేను చెప్పుట లేదు. వారి కంచము నింపుడి. బరువెక్కినవాడు తన కంచము కొలుచుకొనుట వారి కంచమునకు శత్రువు కాదు.

ఎట్లు కొలువవలెను? నోటియొద్ద గాక ఎసటియొద్ద కొలువుడి. వండిన తరువాత కొలుచుట ఆశతో కుస్తీ పట్టుటయే. తెలంగాణలో 2025 ఏప్రిలు నుండి రేషనుకు సన్నబియ్యము వచ్చుచున్నవి. మనిషికి నెలకు 6 కిలోలు, అనగా దినమునకు 200 గ్రాములు, 700 కాలరీలు. కూర్చుండు పనిచేయుచు బరువు తగ్గగోరువానికి అదియే చక్కని కొలత. తక్కిన చోటును పప్పు, కూర, ఆకుకూర, మజ్జిగతో నింపుడి. నూనెను సీసానుండి పోయక చెంచాతో పోయుడి. చిన్న చెంచాడు నూనె 45 కాలరీలు. దినమునకు అయిదు టీలు, ఒక్కొక్కదానిలో రెండు చెంచాల చక్కెర అయినచో, పాలు గాక చక్కెరయే 200 కాలరీలు. దినమునకు 500 కాలరీలు తగ్గించినచో వారమునకు సుమారు అరకిలో తగ్గును. ఆ వేగము చాలును.

అందరు పడిపోవు చోటు ఒకటి కలదు. పెండ్లిలో ఒక పూట మీరుదురు. "ఇక పోయినదిలే" అని వారమంతయు మీరుదురు. ఒక కుండ పగిలినదని యింటనున్న కుండలన్నియు పగులగొట్టుదురా? మరుసటి పూటకే సోల చేతపట్టుడి. పస్తుండి శిక్షించుకొనవద్దు, రెండింతలు తగ్గించవద్దు. మునుపటి కొలతకే తిరిగి రండి. వారమునకు ఒక్కసారి, ఒకే దినమున, ఒకే వేళ బరువు చూచుకొనుడి. రెండు వారములు ముల్లు కదలకున్నను కొలత విడువకుడి.

మన సంఘములలో అనేకులైన స్త్రీలు వంటకు ముందు పిడికెడు బియ్యము తీసి కానుకగా దాచుదురు. ఆ పిడికెడు వలన ఏ యింటను ఎవరును పస్తుండలేదు. నేటి సాయంకాలము ఆ పిడికెడు తీసిన పిమ్మట, బరువెక్కినవారి పాలులోనుండి మరియొక పిడికెడు తీసి గాదెలోనే ఉంచుడి. రేపును అట్లే చేయుడి.