అన్నీ చేసింది జైలర్ గారేనట!

జైలర్ అనగానే రజనీకాంత్ సినిమా గురించి అనుకుని వచ్చినవాళ్ళు క్షమించాలి. ఇది వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ అనే ఆన్‌లైన్ ఆట గోల. ఇంకా సరిగ్గా చెప్పాలంటే 2020 నవంబర్ 23న దానికి వచ్చిన షాడోలాండ్స్ అనే ఎక్స్‌పాన్షన్ మీద నా కడుపుమంట. ఇన్నేళ్ళయ్యాక ఇప్పుడెందుకయ్యా అంటారా? మొన్న లంచ్ దగ్గర మా టీములో ఒకతను "షాడోలాండ్స్‌లో ఆట బాలేదు గానీ కథ ఫర్లేదు" అన్నాడు. ముద్ద గొంతుకి అడ్డం పడింది. ఇంకో పది నిమిషాల్లో మీటింగు ఉండి వదిలేశాను. ఆ వదిలేసిందంతా ఇక్కడ కక్కుతున్నా.

ఆడనివాళ్ళ కోసం కాస్త వెనక్కి వెళ్తా. 2002లో వార్‌క్రాఫ్ట్ 3 వచ్చింది. అందులో ఆర్థస్ అని ఓ యువరాజు. మంచోడే. వాళ్ళ రాజ్యంలో ఒక మహమ్మారి పాకుతుంటుంది. అది కలిసిన ధాన్యం తిన్నవాళ్ళు చచ్చి, మళ్ళీ లేచి, మిగతావాళ్ళ మీద పడతారు. ఈయన స్ట్రాథోమ్ అనే పట్నానికి చేరేసరికి ధాన్యం పంచేశారు. జనం ఇంకా మనుషుల్లానే ఉన్నారు, కానీ ఎంతోసేపు ఉండరు. ఊరంతా నరికెయ్యాలంటాడు ఆర్థస్. గురువు ఉథర్ నావల్ల కాదంటాడు. ప్రేమించిన జెయినా చూడలేక వెళ్ళిపోతుంది. ఇక మిగిలింది ఆర్థస్, మౌస్ పట్టుకున్న మనం.

2007 ఎండాకాలం సెలవుల్లో గుంటూరులో మా పెదనాన్నగారింట్లో, అన్నయ్య ఎక్కడ్నించో పట్టుకొచ్చిన సీడీలో నేనీ ఆట ఆడాను. నాకప్పుడు పదేళ్ళు. ఇళ్ళు పడగొట్టాలి, లోపల్నించి వచ్చినవాళ్ళని చంపాలి, అదీ మాల్‌గానిస్ అనే డ్రెడ్‌లార్డ్‌తో పోటీపడి. ఆ దెయ్యం ముందుగా చేరితే వాళ్ళని తనవైపు లాక్కుంటాడు. సగంలో ఆపి, "అన్నయ్యా, మనం మంచివాళ్ళమా చెడ్డవాళ్ళమా?" అనడిగాను. వాడు ఇంటర్ చదువుతున్నాడు, అన్నీ తెలిసినట్టు మాట్లాడే వయసు. అయినా వాడూ కాసేపు ఆలోచించి "తెలీదురా, ముందు ఆడు" అన్నాడు. తర్వాత ఆర్థస్ ఉత్తరానికి పోయి, వద్దని రాసున్నా, వద్దని చెప్పినా శాపగ్రస్తమైన కత్తి పట్టుకుని, తిరిగొచ్చి కన్నతండ్రినే చంపుతాడు. ఎవడూ చెయ్యి పట్టి చేయించలేదు. పక్కనుంచి రెచ్చగొట్టినవాళ్ళు బోలెడుమంది, కానీ అడుగు వేసింది వాడే. ఆ కథకున్న బలమంతా అదే.

ఆ దారిలోనే సిల్వానస్ తగుల్తుంది. ఎల్ఫుల సేనాని. ఊరిని కాపాడబోతే ఆర్థస్ ఆమెని చంపి, చావులో కూడా వదలకుండా దెయ్యంగా లేపి బానిసని చేస్తాడు. ఎలాగో వాడి పట్టు విడిపించుకుని, తనలాంటి శవాలన్నిటినీ చేరదీసి ఒక జాతిని నిలబెడుతుంది. 2004లో ఆన్‌లైన్ ఆట మొదలైనప్పటి నుంచీ ఆ జాతికి ఆమే రాణి. నేను 2018లో ఉద్యోగంలో చేరగానే మొదటి జీతంతో చందా కట్టి (ఇండియాలో సర్వర్ లేదు, పింగ్ గురించి అడక్కండి) ఆ జాతిలోనే చేరాను. ఎందుకో చెప్పక్కర్లేదనుకుంటా.

సరిగ్గా ఆ ఏడాదే ఆమె చేత టెల్డ్రాసిల్‌ని తగలబెట్టించారు. అదొక మహావృక్షం, దానిమీద నైట్ ఎల్ఫుల పట్నం, నిండా జనం. అప్పుడు విడుదల చేసిన చిన్న యానిమేషన్ సినిమా ఇప్పటికీ యూట్యూబులో ఉంది, చూడండి. చనిపోతున్న శత్రు సైనికురాలు ఆశని మాత్రం నువ్వు చంపలేవంటుంది. సిల్వానస్‌కి ఎక్కడో తగులుతుంది. అక్కడికక్కడే తగలబెట్టమంటుంది. అదే సమయంలో వచ్చిన 'ఎ గుడ్ వార్' అనే నవలికలో కూడా అసలు ప్లాను చెట్టుని పట్టుకుని బేరం పెట్టడమే. అంటే తగలబెట్టడం అప్పటికప్పుడు పుట్టిన కోపం. ఘోరమే, కాదనను. కానీ ఆ కోపం ఎక్కడ్నించి వచ్చిందో పదహారేళ్ళ కథ తెలిసినవాడికి అర్థమవుతుంది.

ఇక షాడోలాండ్స్ వచ్చింది. చచ్చినవాళ్ళ లోకం. అందులో మా అనే నరకానికి జైలర్ అని ఒక పెద్దమనిషి. 2019 నవంబర్‌లో ఈ ఎక్స్‌పాన్షన్ ప్రకటించేదాకా ఈయన పేరు మాకెవ్వరికీ తెలీదు. తీరా చూస్తే సర్వం ఈయన పనే! ఆర్థస్ కత్తి, కిరీటం చేయించింది ఈయన. (2002 నాటి కథలో వాటి వెనకున్నది కిల్‌జేడెన్, అతగాడి డ్రెడ్‌లార్డ్‌లు.) పోనీ డ్రెడ్‌లార్డ్‌లా? వాళ్ళూ ఈయన పక్షం వాళ్ళేనట, ఇన్నాళ్ళూ అందరి మధ్యా గూఢచారులుగా ఉన్నారట. ఈ సంగతి ఓ కోటలో దొరికే పుస్తకంలో రాసుంటుంది. సిల్వానస్ అయితే ఆర్థస్ చచ్చాక మంచుకోట మీంచి దూకిన రోజు నుంచే ఈయనతో ఒప్పందంలో ఉందట. టెల్డ్రాసిల్ మంట కూడా జైలర్‌కి ఆత్మలు పంపడానికేనట.

అయ్యా, పంపాల్సింది ఆత్మలే అయితే ముందు బేరం ప్లాను ఎందుకు? ఆ సైనికురాలి మాటకి మొహం మాడ్చుకోవడం ఎందుకు? ఈ రెండూ ఒకే బుర్రలో పుట్టిన సంగతులు కావు. 2018లో ఒకటి రాశారు, 2020లో దానిమీద ఇంకోటి రాశారు, పాతదానితో పోల్చి చూసే ఓపిక ఎవరికీ లేకపోయింది.

మనలో చాలామందికి ఇది తెలిసిన బాధే. నేను పనిచేసిన ఒక ప్రాజెక్టులో కొత్తగా ఆర్కిటెక్ట్ వచ్చాడు. పదేళ్ళ పాత కోడు. ఎవడో ఎప్పుడో అర్ధరాత్రి కూచుని, ఏదో కస్టమరు ఏడుస్తుంటే పెట్టిన ప్రతి ఇఫ్ కండిషనుకీ ఒక కథ ఉంది. ఈయన అవేవీ చదవకుండా, వారంలో అన్ని బగ్గులకీ ఒకటే రూట్ కాజ్ కనిపెట్టాడు. బాణం గుర్తులన్నీ ఒకే డబ్బాలోకి పోయే స్లైడు కూడా చేశాడు. మేనేజర్లకి తెగ నచ్చింది. జైలర్ ఆ డబ్బా. షాడోలాండ్స్ ఆ స్లైడు. హిస్టరీ మీద ఫోర్స్ పుష్ కొట్టేసి, మొదట్నించీ ఇలాగే ఉంది అనడం.

అసలు మంట ఇంకా ఉంది. 2021 జూన్‌లో వచ్చిన ప్యాచ్‌లో సిల్వానస్ జైలర్‌కి ఎదురుతిరుగుతుంది. సరే, బాగుందనుకునేలోపు, ఆర్థస్ కత్తి ఆమె ఆత్మని రెండు ముక్కలు చేసిందని, మంచి ముక్క ఇన్నాళ్ళూ జైలర్ దగ్గరుందని తేలింది. ఆ ముక్క తిరిగి పెట్టగానే ఆమెకి పశ్చాత్తాపం. అంటే నేను ఏళ్ళ తరబడి వెనక నడిచిన రాణి సగం మనిషి, ఆమె పట్టుదల, తెలివి, కసి, అన్నీ ఒక మాన్యుఫాక్చరింగ్ డిఫెక్టు! మరి ఉథర్ ఆత్మనీ అదే కత్తి చీల్చింది కదా? ఆయన పగతో ఆర్థస్‌ని ఆ నరకంలోకి తోశాడు నిజమే, కానీ ఊళ్ళేమీ తగలెయ్యలేదే. ముక్కలు చెయ్యడంలో కూడా ఒక లెక్క లేదు.

2022 ఫిబ్రవరి ప్యాచ్‌లో తీర్పు. కాలిపోయిన పట్నం తరఫున టిరాండే ఆమెకి శిక్ష వేస్తుంది: నరకంలో చిక్కిన ఆత్మలన్నిటినీ వెతికి విడిపించాలి. శిక్ష బానే ఉంది, కానీ ఎవరికి? మంచి ముక్కకా, చెడ్డ ముక్కకా? చేసింది తనే అయితే ఆ చీలిక కథ ఎందుకు, తను కాకపోతే శిక్ష ఎందుకు? నైట్ ఎల్ఫ్ ఆటగాళ్ళ సంగతి ఇంకా అన్యాయం. వాళ్ళు కొలిచే ఎల్యూన్ దేవతే, చనిపోయిన వాళ్ళ ఆత్మలు తన చెల్లెలికి పనికొస్తాయని ఆ మంటని ఆపకుండా ఊరుకుందట.

జైలర్ గారు మటుకు చచ్చేముందు, ముందుముందు ఇంకేదో పెద్ద ముప్పు ఉందని ఒక ముక్క అనేసి ఆగిపోయాడు. ఇరవయ్యేళ్ళ కథని ఆయన నెత్తిన పెట్టారు, ఆయనకి కావాల్సిందేంటో చివరిదాకా సరిగ్గా చెప్పలేదు.

కథలు మార్చకూడదని నేననను. శశిరేఖ వ్యాసుడి భారతంలో లేదు, 1957 నుంచీ మనకి మాయాబజార్ లేని భారతం లేదు. అక్కడ ఎన్ని కల్పించినా ఘటోత్కచుడు ఘటోత్కచుడే, శకుని శకునే. వార్‌క్రాఫ్ట్ వాళ్ళు కూడా ఇంతకుముందు మార్చినవాళ్ళే. 2007లో బర్నింగ్ క్రూసేడ్ వచ్చినప్పుడు ఎరెడార్ జాతి కథ పూర్తిగా తిరగబడింది. పాత పుస్తకంలో సార్గెరాస్‌ని చెడగొట్టింది వాళ్ళు, కొత్తదాంట్లో వాళ్ళని చెడగొట్టింది సార్గెరాస్. జనం నిలదీస్తే కథ రాసిన క్రిస్ మెట్జెన్ అది తన పొరపాటేనని, పాతది సరిచూసుకోలేదని బహిరంగంగా ఒప్పుకున్నాడు. అక్కడితో చల్లబడింది. పైగా ఆ మార్పు వల్ల ఎవరి పాపమూ ఎవరి నెత్తి మీంచీ దిగిపోలేదు.

"ఆటేగా బాసూ, ఇంత ఇదవ్వాలా" అనేవాళ్ళు ఉంటారు. నిజమే, ఆటే. లాక్‌డౌన్‌లో పగలంతా ఆఫీసు కాల్స్, రాత్రయితే ఇదే. ఆ రెండేళ్ళు నేను చదివిన పుస్తకాల కంటే ఆ లోకంలో తిరిగిందే ఎక్కువ. నాకు కత్తి పట్టించి ఊరు నరికించినవాళ్ళు, ఆ బరువు కూడా నాతోనే ఉంచాల్సింది.

ఆర్థస్ సంగతి చెప్పడం మర్చిపోయా. ఆఖరికి వాడి ఆత్మ ఇంత నీలం వెలుగై, కొన్ని క్షణాలు మినుకుమని, ఆరిపోతుంది. జెయినా, ఉథర్, సిల్వానస్ ముగ్గురూ అక్కడే నిలబడి చూస్తుంటారు. వాడు మాత్రం ఏమీ మాట్లాడడు. అంతే. ఆ సీను చూసిన రాత్రి అన్నయ్యకి ఫోన్ చేశాను. వాడిప్పుడు డల్లాస్‌లో ఉంటాడు, ఇద్దరు పిల్లలు, ఆటలు మానేసి చాలా ఏళ్ళయింది. "అన్నయ్యా, మాల్‌గానిస్, ఆ కత్తి, మనం అప్పుడు ఆడిన కథంతా జైలర్ ప్లానేనట" అన్నాను.

"ఎవడ్రా వాడు?" అన్నాడు.