పాండేసరకు వోచరు వస్తే

అమెరికాలో ఆబర్న్ విశ్వవిద్యాలయంలో డాక్టరేట్ చేసి, మిషిగన్‌లో ఆర్థికశాస్త్రం బోధిస్తున్న పార్థ్ షా ఆ ఉద్యోగం వదిలి ఢిల్లీలో సెంటర్ ఫర్ సివిల్ సొసైటీ పెట్టారు. ముహూర్తం 1997 ఆగస్టు 15. స్వాతంత్ర్యానికి యాభయ్యేళ్లు నిండినా బతుకుదెరువుకు సర్కారు అనుమతి అడగాల్సి రావడమేమిటన్నది ఆయన ఫిర్యాదు.

మార్కెట్‌ వాదులంటే షావుకార్ల వకీళ్లని మనకో అనుమానం. రైతు నాయకుడు రంగా తొలి అధ్యక్షుడిగా 1959లో పుట్టిన, మార్కెట్‌ను సమర్థించిన స్వతంత్ర పార్టీకే ఆ నింద తప్పలేదు. షా మాత్రం తోపుడు బండివాళ్ల, రిక్షావాళ్ల పక్షాన నిలబడి లైసెన్సుల్ని ప్రశ్నించారు. 2014లో వీధి వ్యాపారుల చట్టం వచ్చాక, రాష్ట్రాలు దాన్నెలా అమలు చేస్తున్నాయో ఆయన సంస్థ నివేదికలు ఇచ్చింది. ఇంతవరకు నాకు ఆయనతో పేచీ లేదు.

పేచీ సూరత్‌లోని పాండేసర దగ్గర వస్తుంది. డైయింగ్ మిల్లులు, సాంచాల (మరమగ్గాల) షెడ్లు, పొట్ట చేతపట్టుకొని తెలంగాణ నుంచి, ఒడిశా నుంచి వచ్చిన జనం. షెడ్డులో పన్నెండు గంటల షిఫ్టు, మీటరు లెక్కన కూలి. ఇక్కడి నేతగాణ్ణి ఆపుతున్న లైసెన్సేదీ లేదు. చేతిలో నియామక పత్రమూ లేదు. సర్కారు జోక్యం తగ్గించాలన్నా అసలు సర్కారు కనిపిస్తేగా!

కనిపించేది ఒక్క బడి. సూరత్ కార్పొరేషన్ గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియా, ఇంగ్లీషులతో పాటు తెలుగు మాధ్యమంలోనూ బళ్లు నడుపుతోంది. సర్కారు డబ్బు బడికి కాదు, నచ్చిన బడిలో ఫీజు కట్టుకునే వోచరుగా పిల్లవాడికి ఇవ్వాలంటారు షా. 2007లో ఢిల్లీలో ఆయన సంస్థ 408 మంది పేదపిల్లలకు ఏడాదికి 3,600 రూపాయల దాకా వోచర్లిచ్చి చూపింది కూడా. అదే వోచరు పాండేసరలో ఇస్తే మనవాళ్లలో చాలామంది ఇంగ్లీషు బడికే పోతారు. తప్పు పట్టలేం. కానీ మిగిలిన కొద్దిమంది కోసం తెలుగు బడి నడిపే ప్రైవేటు యజమాని పుట్టడు.

నేనైతే వోచరు ఇవ్వండి, తెలుగు బడి మాత్రం మూయకండి అంటాను. ఈ షరతుతో షా వాదం సగం వీగిపోతుందని తెలుసు, వీగిపోనీ.

2019లో ఢిల్లీలో మొదలైన ఇండియన్ స్కూల్ ఆఫ్ పబ్లిక్ పాలసీ వ్యవస్థాపకుల్లోనూ ఆయన ఉన్నారు. ఆ స్కూలు విద్యార్థుల్ని ఓసారి పాండేసర పంపాలి. రాత్రి షిఫ్టు పూర్తిగా సాంచ దగ్గర నిలబెట్టి, తెల్లారాక ఊళ్లో బళ్లన్నీ తిరిగి పిల్లవాడికి మంచిదేదో ఎంచుకు రమ్మనాలి.