బెదిరించి శుభ్రం చేసే ప్రోగ్రాములతో జాగ్రత్త!



ఈ రోజుల్లో పల్లెటూళ్ళలో కూడా కొన్ని ఇళ్ళలో కంప్యూటర్ ఉంటోంది. పిల్లల చదువు కోసమని అప్పో సప్పో చేసి కొన్న వస్తువు అది. అది నెమ్మదించగానే ఇంటిల్లిపాదికీ కంగారు పుడుతుంది. ఆ కంగారును సొమ్ము చేసుకునేవాళ్ళు కూడా ఉన్నారు. ఈ నెల ఆ సంగతే రాస్తున్నాను.

మా చెల్లెలు చనిపోయి రెండేళ్ళయింది. ఆమె కూతురు డిగ్రీ ఆఖరి సంవత్సరం చదువుతోంది. బావ కౌలు రైతు. ఆ మధ్య వాళ్ళింటికి వెళ్ళేసరికి పిల్ల ఏడుస్తూ కూర్చుని ఉంది.

"మావయ్యా, లాప్‌టాప్ నెమ్మదిగా ఉందని ఇంటర్నెట్టులో దొరికిన క్లీనర్ వేశాను. తొమ్మిది వందల లోపాలున్నాయని ఎర్రగా చూపించింది. అన్ని గడుల్లోనూ టిక్కు పెట్టి శుభ్రం చెయ్యమన్నాను. ఇప్పుడు అమ్మ ఫోటోలు కనబడటం లేదు" అంది.

ఆ ఫోటోలు 'డౌన్‌లోడ్స్' ఫోల్డరులో ఉన్నాయి. ఆ ప్రోగ్రాము దాన్ని చెత్తకింద లెక్కగట్టి తుడిచేసింది. పోయినవాటిని వెతుక్కోవడానికి రీసైకిల్ బిన్‌లో కూడా ఏమీ మిగల్చలేదు. పైగా, మిగిలిన లోపాలు పోవాలంటే డబ్బు కట్టమంటోంది. బావ అప్పటికే బ్యాంకు కార్డు చేతిలో పట్టుకుని ఉన్నాడు. "కడితే ఆ ఫోటోలు వస్తాయేమో బావా" అన్నాడు. రావని చెప్పడానికి నాకు నోరు రాలేదు. కానీ చెప్పక తప్పింది కాదు.

ఇంతకీ ఆ తొమ్మిది వందల లోపాలు ఏమిటి? వాటిలో చాలా వరకు లోపాలే కావు. విండోస్‌లో 'రిజిస్ట్రీ' అని ఒకటుంది. ఏ ప్రోగ్రాము ఎక్కడుంది, ఏ అమరిక ఎలా ఉందన్న వివరాలన్నీ అందులో ఉంటాయి. గ్రామంలో భూముల రికార్డు లాంటిదనుకోండి. అందులో పాత పద్దులు నాలుగు మిగిలిపోతే కంప్యూటర్ నెమ్మదించదు. కానీ పనికిరాదనుకుని పనికొచ్చే పద్దు కొట్టేస్తే ఏదో ఒక ప్రోగ్రాము ఆగిపోతుంది, ఒక్కోసారి కంప్యూటరే తెరుచుకోదు. రిజిస్ట్రీని శుభ్రం చేసే ప్రోగ్రాములను తాము సమర్థించబోమని విండోస్ తయారుచేసే మైక్రోసాఫ్టే చెప్పింది.

'మెమరీ ఖాళీ చేస్తాం' అనేవి మరికొన్ని. ఇల్లాలు వంట చేసేటప్పుడు ఉప్పు, చింతపండు చేతికందేలా పెట్టుకుంటుంది. వాటిని మాటిమాటికీ అటక మీదికి ఎక్కిస్తే వంట తొందరగా అవుతుందా? కంప్యూటర్ కూడా కావలసినవి మెమరీలో దగ్గరగా ఉంచుకుంటుంది. వాటిని ఖాళీ చేయిస్తే మళ్ళీ డిస్కు నుంచి తెచ్చుకోవాలి. మరింత ఆలస్యం!

ఇదంతా మన భయం కొద్దీ అంటున్న మాట కాదు. అమెరికాలో ఆఫీస్ డిపో అనే దుకాణాల్లో కంప్యూటర్లను ఉచితంగా పరీక్షించే ప్రోగ్రామొకటి ఉండేది. మొదట నాలుగు ప్రశ్నలు అడిగేవారు. కంప్యూటర్ నెమ్మదిగా ఉందా అన్నది వాటిలో ఒకటి. ఏ ఒక్కదానికి అవునన్నా, పరీక్షలో ఏం తేలినా సరే, వైరస్ లక్షణాలున్నాయని చూపించేది. ఆ పేరుతో మరమ్మతులు అమ్మేవారు. అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ దీన్ని పట్టుకోగా, 2019లో ఆ సంస్థ, ప్రోగ్రాము సరఫరా చేసిన సపోర్ట్ డాట్ కామ్ కలిసి 3 కోట్ల 50 లక్షల డాలర్లు చెల్లించడానికి ఒప్పుకున్నాయి. దొంగ హెచ్చరికలతో మరమ్మతులు అమ్మారన్న ఆరోపణపై 2024లో రెస్టోరో, రీఇమేజ్ అనే సంస్థలు 2 కోట్ల 60 లక్షల డాలర్లు చెల్లించవలసి వచ్చింది.

మోసం చేసే ఉద్దేశం లేనివాటితో కూడా ముప్పు ఉండవచ్చు. 2017 ఆగస్టులో వచ్చిన సీక్లీనర్ 5.33లో దుండగులు రహస్యంగా హానికరమైన కోడ్ చొప్పించారు. తయారీదారు లెక్క ప్రకారమే సుమారు 22 లక్షల 70 వేలమంది దాన్ని వాడారు. కంపెనీ తరువాత దాన్ని సరిదిద్దింది. కానీ ఇంట్లో అన్ని తాళాలూ ఒకరికి అప్పగిస్తే, వారి చేతిలోంచి తాళాలు జారిపోయిన రోజున మన ఇల్లే పోతుందని గ్రహించాలి.

మరి నెమ్మదించిన కంప్యూటర్‌ను ఏం చెయ్యాలి? పైసా ఖర్చు లేని పనులు ముందు చెయ్యండి.

1. అన్నిటికన్నా ముందు, పోతే తిరిగిరాని ఫోటోలు, చదువు కాగితాలు వేరే హార్డ్ డిస్కులోనో పెన్ డ్రైవులోనో ఎక్కించి, కంప్యూటర్‌కు దూరంగా బీరువాలో పెట్టండి.

2. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో 'స్టార్టప్' అనేచోట, కంప్యూటర్ తెరవగానే తమంతట తామే మొదలయ్యే ప్రోగ్రాముల జాబితా ఉంటుంది. అక్కర్లేనివి ఆపండి. పేరు తెలియనిదాని జోలికి పోకండి.

3. వాడని ప్రోగ్రాములను సెట్టింగ్స్‌లోకి వెళ్ళి తీసెయ్యండి. చెత్త ఫైళ్ళకు విండోస్‌లోనే 'స్టోరేజ్' విభాగం ఉంది. అక్కడ కూడా 'డౌన్‌లోడ్స్' గడిలో టిక్కు పెట్టేముందు లోపలేముందో చూసుకోండి.

4. వైరస్‌ల కోసం విండోస్ సెక్యూరిటీ ఉచితంగానే వస్తుంది. దాన్ని, విండోస్ అప్‌డేట్లను ఆపకండి. విండోస్ 10కు మామూలు ఉచిత అప్‌డేట్లు 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయి. కాబట్టి మీ కంప్యూటర్ విండోస్ 11కు పనికొస్తుందేమో కనుక్కోండి.

5. మన ఊళ్ళలో దుమ్ము ఎక్కువ. గాలి రంధ్రాలు పూడుకుపోతే లోపల వేడెక్కి వేగం తగ్గుతుంది. కరెంటు తీగ తీసేసి, మెత్తని బ్రష్షుతో తుడవండి. పరుపు మీద పెట్టి వాడకండి.

ఇవన్నీ చేసినా నెమ్మదిగానే ఉంటే లోపం వస్తువులోనే ఉండవచ్చు. పాత తిరిగే హార్డ్ డిస్కు తీసి ఎస్.ఎస్.డి. వేయిస్తే, లేదా 4 జి.బి. ఉన్న మెమరీని 8 చేయిస్తే తేడా మీకే తెలుస్తుంది. ఖర్చుపెట్టగలిగిన డబ్బేదో దానికే పెట్టండి. మీ లాప్‌టాప్‌లో మార్చడానికి వీలుందో లేదో తెలిసిన మెకానిక్కును ముందే అడగండి.

ఇప్పటికే అలాంటి ప్రోగ్రాము వేసి ఉంటే తీసేసి, విండోస్ సెక్యూరిటీతో పూర్తిగా పరీక్ష చేయించండి. తెర మీద కనబడ్డ నంబరుకు ఫోన్ చేసి, ఎవరినైనా కంప్యూటర్‌లోకి రానిచ్చి ఉంటే వెంటనే ఇంటర్నెట్ కట్టెయ్యండి. కార్డు వివరాలో ఓ.టి.పి.యో చెప్పి ఉంటే సిగ్గుపడి దాచుకోకండి. బ్యాంకుకు, 1930 నంబరుకు ఆలస్యం చెయ్యకుండా ఫోన్ చెయ్యండి.

మా మేనకోడలి లాప్‌టాప్‌లో ఆ రోజు చేసింది ఇంతే. క్లీనర్ తీసేసి, స్టార్టప్‌లో ఏడెనిమిది ఆపి, దుమ్ము దులిపాం. పనికొచ్చేంత వేగం వచ్చింది. ఫోటోలు మాత్రం సగమే దొరికాయి, అవీ వాళ్ళ పిన్ని ఫోనులో ఉండబట్టి. దొరికినవాటిని రెండు పెన్ డ్రైవుల్లో ఎక్కించి ఒకటి వాళ్ళ బీరువాలో పెట్టాం, ఒకటి నేను తెచ్చుకున్నాను.

ఈ సాయంత్రం మీ ఇంట్లో కూడా ఆ పని చెయ్యండి. కంప్యూటర్ వేగం సంగతి రేపు చూసుకోవచ్చు.