మందు ఉచితమే, మరి తిండి?

ఏజెన్సీలో టీబీతో ఎవరైనా చనిపోతే ముందు వినపడే మాట ఏంటి? "వాళ్ళు మందులు సరిగా వాడరు. మంత్రగాళ్ళ దగ్గరికి పోతారు. అవగాహన లేదు." విని విని మనలో కొందరం కూడా అదే అనడం మొదలుపెట్టాం.

ఆ మాట తప్పని 30 ఏళ్ళ కిందటే తేల్చిన డాక్టరు గురించి తెలుసుకోండి. పేరు పాల్ ఫార్మర్. అమెరికాకి చెందిన అంటువ్యాధుల వైద్యుడు, హార్వర్డ్ ప్రొఫెసర్. 1983లో, ఇంకా మెడిసిన్‌లో చేరకముందే, హైతీ వెళ్ళాడు. అక్కడ కాంజ్ అనే ఊరు. పెలిగ్రే డ్యామ్ కింద పొలాలు మునిగిపోయిన రైతులు కొండ మీద గుడిసెలు వేసుకుంటే ఏర్పడిన ఊరు అది. పోలవరం ముంపు చూసిన మనకి ఈ కథ విడమరిచి చెప్పాలా?

అక్కడ టీబీ మందులు ఉచితమే. అయినా జనం చనిపోతున్నారు. ఎందుకని ఫార్మర్ బృందం రోగుల్ని రెండు గుంపులుగా చూసింది. ఒక గుంపుకి ఉచిత మందులు మాత్రమే. రెండో గుంపుకి మందులతో పాటు తిండికీ దారి ఖర్చులకీ నెలనెలా కొంత డబ్బు, ఇంటికొచ్చి చూసే ఆరోగ్య కార్యకర్త. మొదటి గుంపులో సగం మందికి కూడా పూర్తిగా నయం కాలేదు. రెండో గుంపులో అందరికీ నయమైంది. జబ్బు చేతబడి వల్లే వచ్చిందని నమ్మినవాళ్ళూ అందులో ఉన్నారు. వాళ్ళూ మందులు మింగారు, వాళ్ళూ బతికారు. ఇప్పుడు చెప్పండి, చంపింది నమ్మకమా, ఆకలా?

తర్వాత పెరూ. రాజధాని లిమా శివారు మురికివాడల్లో మామూలు మందులకి లొంగని టీబీ. పేద దేశాల్లో దీనికి వైద్యం చేస్తే గిట్టుబాటు కాదన్నారు పెద్దపెద్ద నిపుణులు. ఫార్మర్, ఆయన సహచరులు వినలేదు. ఇంటింటికీ మందు చేర్చారు. 80 శాతానికి పైగా రోగులు బాగుపడ్డారు. పోరాడితే కొన్ని మందుల ధర 90 శాతానికి పైగా దిగొచ్చింది. ఎవరి ప్రాణానికి ఎంత ఖర్చు పెట్టాలన్నది ఎవరో కూర్చుని తీసుకునే నిర్ణయం. దాన్ని మార్చొచ్చు.

2022లో రువాండాలో, బుటారో అనే కొండ ఊళ్ళో, 62 ఏళ్ళకి ఆయన చనిపోయాడు. అలాగని ఫొటోకి దండేసి ఊరుకోకండి. "మనకీ ఓ మంచి డాక్టరు వస్తే బాగుణ్ణు" అని ఎదురుచూడటం కూడా దండేయడం లాంటిదే. కాంజ్‌లో ఇంటింటికీ తిరిగింది ఆ ఊరివాళ్ళే. వాళ్ళకి జీతం ఇచ్చారు. మన ఆశా అక్కల్ని మాత్రం ఇప్పటికీ వలంటీర్లనే అంటున్నారు. కొండలెక్కి దిగే కాళ్ళకి జీతం ఉండదా?

అందుకే తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, వచ్చే గ్రామసభలో లేచి అడగండి. టీబీ రోగికి పోషణ కోసం నెలకి 1,000 రూపాయలు ఇస్తున్నామంటోంది కేంద్రం. మన గూడెంలో ఎవరి ఖాతాలో పడింది? ఎవరికి పడలేదు? ఆసుపత్రికి పోయే రోజు కూలి ఎవరిస్తారు? డోలీ మోయకుండా రోడ్డెక్కేది ఎప్పుడు? జవాబు మినిట్స్ బుక్కులో రాయించండి.

ఇకపై ఎవరైనా "మీ వాళ్ళకి అవగాహన లేదు" అంటే తల దించుకోకండి. హైతీ లెక్క చెప్పండి.